నల్లమేక తోలు

వానలు మొదలైతే ఆదోనిలో శామ్యూల్‌కు పని రెట్టింపవుతుంది. శ్రావణం పెళ్ళిళ్ళు ముందున్నాయని బ్యాండు మేళాలవాళ్ళు డ్రమ్ములన్నీ తెచ్చి అతని కొట్టు ముందు పడేసిపోతారు. బోల్టులు బిగించాలి, కింది తీగలు మార్చాలి, తోలు డ్రమ్ములకైతే గడ్డం కూడా గీయాలి. తేమ తగిలితే మేకతోలుకు వెంట్రుకలు మొలుస్తాయి కదా, అలా మొలిచిన డ్రమ్ము జలుబు చేసినట్టు మూలుగుతుంది. ఈ గీకుడు పడలేక చాలామంది ప్లాస్టిక్‌కు మారిపోయారు. శామ్యూల్‌కు ప్లాస్టిక్ గిట్టదు. అది మోగదు, అరుస్తుంది అంటాడు. అతని మాట వినేదెవరు?

ఆ సోమవారం వచ్చిన సైడ్ డ్రమ్ము మాత్రం రిపేరుకు రాలేదు, తీర్పుకు వచ్చింది.

మేళాల సంఘం పెద్ద ఉచ్చీరప్ప దాన్ని స్వయంగా మోసుకొచ్చాడు. వెనకాలే మంజుల, ఆమెకు నాలుగడుగుల దూరంలో కళ్యాణ్. మంజుల నాన్న బజారి పాతికేళ్ళు కళ్యాణ్‌వాళ్ళ మేళంలో ఈ డ్రమ్మే వాయించి నిరుడు పోయాడు. కర్రలు కూతురు అందుకుంది. మొన్న ఆమె ఎమ్మిగనూరులో వేరే మేళానికి మారుతూ డ్రమ్మును వెంట తీసుకుపోతే, అది నాది, దొంగిలించిందని కళ్యాణ్ సంఘంలో ఫిర్యాదు పెట్టాడు. దొంగ అని తేలితే ఇటు ఆదోనిలో గాని అటు ఎమ్మిగనూరులో గాని ఏ మేళమూ ఆమెను గడప తొక్కనివ్వదు. ఆ పిల్లకు వాయించడం తప్ప వేరే పని మీద మనసు లేదు.

మేళాలవాళ్ళకు ఒక కట్టుబాటుంది. డ్రమ్ము పీపాలు చేతులు మారుతూనే ఉంటాయి కాబట్టి, తోలు ఎవరిదైతే డ్రమ్ము వాళ్ళదే. మంజుల తల్లి నాగమ్మ పెద్దకడుబూరు నుంచి ఫోన్లోనే చెప్పేసింది. ఆ తోలు తన పెళ్ళయిన ఏడాది పుట్టిన మేకది, తాను సాకిన మేక, నల్లది, డొక్క మీద నిమ్మకాయంత తెల్లమచ్చ. అది విన్నాక కళ్యాణ్ తనదీ నల్లమేకేనన్నాడు. ఆరేళ్ళ కింద బళ్ళారిలో తానే కట్టించాడట, మచ్చా గిచ్చా ఏమీ లేదట. ఆదివారం దాకా వెంట్రుకలు పెరగనిద్దాం, మచ్చ ఉంటే పిల్లది, లేకుంటే కళ్యాణ్‌ది అని ఉచ్చీరప్ప తేల్చి వెళ్ళాడు.

శామ్యూల్ పనిలోకి దిగాడు. ముందు పైన బిగించిన ప్లాస్టిక్ పొర విప్పాడు. కింద పాత తోలు ఊపిరాడక ముడుచుకుని ఉంది. పీపా మీద ఐదు పూతల వెండిరంగు. గీకుతూ పోతే లోపల ఇత్తడి బయటపడింది. అతుకు చేత్తో కొట్టింది, మిషను పని కాదు. అరవై ఏళ్ళకు తక్కువుండదని చేతులే చెప్పాయి. కింది తీగల బదులు ఎవరో మహానుభావుడు మోటారుసైకిల్ క్లచ్ వైరు కట్టాడు. దాన్ని తీసేస్తూ శామ్యూల్ వాడి ఏడు తరాలనూ తిట్టుకున్నాడు. ఎంత వెతికినా పేరు లేదు, నంబరు లేదు. ఇక చెప్పాల్సింది తోలే.

బుధవారం కళ్యాణ్ వచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చుని, తోలు మీద వేలు పెట్టి చూశాడు. ఇంకా ఏమీ మొలవలేదు.

"గొరిగేయన్నా," అన్నాడు మెల్లగా. "పురుగు పట్టింటే తీసేసినా అని సెప్పు. శ్రావణమంతా మా డ్రమ్ములు నీ కాడికే కదా వచ్చేది."

గట్టిగా బెదిరించినా శామ్యూల్‌కు అంత భయం వేసేది కాదు. అతను వెళ్ళగానే గొరిగే కత్తి తీసి అలమారలో పెట్టి తాళం వేశాడు, ఎక్కడ తన చెయ్యే జారుతుందోనని.

శుక్రవారానికి వెంట్రుకలు బియ్యపు గింజంత పెరిగాయి. తెల్లగా. మచ్చ కాదు, మొత్తం తెల్లగా. శామ్యూల్ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మధ్యాహ్నం వచ్చిన కళ్యాణ్ దాన్ని చూసి పడీపడీ నవ్వాడు. "గొరగొద్దులేన్నా, అట్లే పెరగనీ" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం మంజుల వచ్చి చూసి, కొట్టు మెట్టు మీద కూలబడింది.

"అమ్మ మర్సిపోయింటాదా మామా?"

శామ్యూల్ బజారితో కలిసి తిరిగినవాడు, ఆ డ్రమ్ము బజారి మెడలో తప్ప ఇంకెక్కడా చూడనివాడు. కానీ మేళం సామాను ఎవరి మెడలో ఉంటే వాళ్ళదని ఎవరంటారు?

ఆదివారం చర్చికి పోవాలని శామ్యూల్ ప్రతి శనివారం తలకు రంగు వేసుకుంటాడు. ఆ శనివారమూ కొబ్బరిచిప్పలో రంగు కలిపాడు. కలిపి, తన తల సంగతి మరిచి డ్రమ్మునే చూస్తూ కూర్చున్నాడు. ఎంత పని? నిమ్మకాయంత మచ్చ వదిలి మిగతాదంతా నల్లగా పూస్తే చాలు, పిల్ల బతికిపోతుంది. వీధిలో ఎవరూ లేరని చూసుకుని బ్రష్షు ముంచాడు. తడి తగలగానే తోలు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా జలదరించింది. చన్నీళ్ళు పడ్డ మేక ఒళ్ళు విదిలించినట్టు విదిలించింది. రంగు చుక్కలు అతని చెంప మీద పడ్డాయి. శామ్యూల్‌కు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తప్పయిందే అంటూ పొడిగుడ్డతో దాన్ని తుడిచాడు. ఇక ఆ పిల్లకు దిక్కెవరన్న దిగులుతో ఆ పూట అన్నం సయించలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి రెండూళ్ళ మేళాలవాళ్ళూ కొట్టు ముందు చేరారు. డ్రమ్మును బల్ల మీద పెట్టారు. ఇత్తడి ధగధగలాడుతోంది, పైన తెల్లటి బొచ్చు. కళ్యాణ్ దాని చుట్టూ ఒక చుట్టు తిరిగి, యాడుంది మచ్చ, ఎవురికన్నా కనపడతాందా అని అందరినీ అడిగాడు. ఎవరికీ కనపడలేదు. ఉచ్చీరప్ప మంజుల వైపు చూడలేక నేల చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు పెద్దకడుబూరు బస్సు దిగి నాగమ్మ వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. జనాన్ని తోసుకుంటూ బల్ల దగ్గరికి పోయి, బొచ్చు మీద అరచెయ్యి పెట్టింది.

"ఎంత ముసిల్దానివైపోతివే," అంది దానితో.

తర్వాత కళ్యాణ్ వైపు తిరిగింది. "ఆరేండ్ల కింద కట్టిచ్చినావా నాయనా?"

"ఔ. ఎన్నితూర్లు సెప్పల్ల?"

"ఆరేండ్లకే ఇంత నెరుస్తాదా?" నాగమ్మ నెత్తిమీది కొంగు వెనక్కి తీసింది. దూది తల. "అది పుట్టిన యేడే నా పెండ్లి. నాకూ అప్పుడు నల్లగానే ఉండె."

అందరూ ఆమె తలను చూశారు, డ్రమ్మును చూశారు. కళ్యాణ్ నోరు తెరిచి, సొంత మేళంవాళ్ళ మొహాలు చూసి మూసుకున్నాడు. ఉచ్చీరప్ప లేచి డ్రమ్మును రెండు చేతులా ఎత్తి మంజుల మెడలో వేశాడు. రేపు ఎమ్మిగనూరు పెళ్ళిలో ముందు వరసలో ఉండాల్సింది ఈ పిల్లే, అన్నాడు. శామ్యూల్ పక్కకు తిరిగి కళ్ళు ఒత్తుకున్నాడు.

మంజుల కర్రలు ఎత్తింది.

"మెల్లగ కొట్టు పాపా," అంది నాగమ్మ. "పెద్దది."

మంజుల మెల్లగానే మొదలుపెట్టింది.