కొర్దొబా గోడ

సర్వరీ బేగం పోయిన మే నెలలో స్పెయిన్‌లోని కొర్దొబా చూసొచ్చింది. చూసొచ్చి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. గల్ఫ్‌లో తాముండే అల్ హైల్‌లోని తన ఇంటి పెరటి గోడకు తెల్ల సున్నం కొట్టించి, దాని నిండా నీలం కుండీలు వేలాడదీయించి, ఎర్ర జెరానియం మొక్కలు పెట్టించింది. ఆ పాత ఊళ్లో ఇళ్ల లోగిళ్లు అలాగే ఉంటాయట. ఏటా వాటికి పోటీలు పెడతారట. పైవరస కుండీలకు పొడవాటి కర్ర చివర డబ్బా కట్టి నీళ్లు పోస్తారట. పైపు పట్టుకుంటే చిటికెలో అయిపోయే పనిని పనిమనిషి కాశమ్మ రోజూ మెడ పడిపోయేలా కర్రతోనే చేయాల్సి వచ్చింది.

కాశమ్మది రాయచోటి దగ్గర పల్లె. బేగం పుట్టిల్లు కడప. మన జిల్లా మనిషి ఇల్లే కదా అని సంబరపడి వచ్చింది, పిచ్చిది. పాలు మరవని కూతురు ఈశ్వరిని చెల్లెలి ఒళ్లో పెట్టి వచ్చింది. ఇప్పుడా పిల్ల బడికి పోతోంది. ఒక్కసారి చూసొస్తానని కాశమ్మ ఎన్నిసార్లు కాళ్లావేళ్లా పడ్డా బేగం కరగలేదు. చివరికి ఈ చలికాలం మాటిచ్చింది.

"శుక్రవారం సార్ ఆఫీసోళ్లు వస్తారు. ఆ పొద్దు గోడ నిండా పూలుండాల. ఒక్కటి తగ్గినా నాకు తెలుస్తాది. ఉంటే మర్నాడే నీ పాస్‌పోర్టు నీ చేతిలో పెడతా."

సొంత బిడ్డకు చేయలేని చాకిరీ కాశమ్మ ఆ మొక్కలకు చేసింది. గోడ ఎర్రగా విరగబూసింది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బేగం కొర్దొబా చరిత్ర అందుకుంది. రోమన్ల కాలం నాటి వంతెన, ఎరుపు తెలుపు చారల కమానులు బారులు తీరిన పెద్ద మసీదు, ఊరిని గెలిచిన రాజులు దాన్ని కూల్చకుండా చర్చిగా మార్చుకోవడం.

"ఎంత పెద్ద మనసో చూడండి!" అని కళ్లు తుడుచుకుంది.

అందరూ తలలూపారు. ఆమె భర్త ఇనాయత్ కింద పనిచేసేవాళ్లు ఊపక చస్తారా? వాళ్లలో ఒకాయన భార్య రమణి మాత్రం మెల్లగా గోడ దగ్గరికి జారుకుంది.

"తల్లో పెట్టుకుంటే ఎంత బావుంటాయో! రెండు ఇస్తావా?" అని కాశమ్మను అడిగింది.

ముత్తయిదువ నోరు తెరిచి పువ్వు అడిగింది. అందులోనూ శుక్రవారం. లేదంటే పాపమని కాశమ్మకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న నమ్మకం. రెండు గుత్తులు తుంచి చేతిలో పెట్టింది.

బేగం కన్ను నేరుగా రమణి జడ మీదే పడింది. "ఎవరు కోసినారు?"

రమణి మొగుడి వైపు చూసింది. అతని వీసా ఆ నెలలోనే ఇనాయత్ చేతుల మీదుగా రెన్యూ కావాలి.

"నేనడగలేదండీ. ఈవిడే కోసిచ్చింది" అంది రమణి.

కాశమ్మకు ఒళ్లంతా మండింది. అయినా నిజం చెబితే నమ్మేదెవరు?

"పర్వాలేదులేమ్మా, నీకు బాగుండాయి" అంది బేగం తియ్యగా. అతిథులు వెళ్లాక ఆ తీపి పోయింది. "కొర్దొబాలో గోడ మీది పువ్వు ఎవరూ ముట్టరే."

"రెండే మేడం. ముత్తయిదువ అడిగె, శుక్రవారం..."

"మాటంటే మాటే. వచ్చే చలికాలం పూయనీ, అప్పుడు చూద్దాం. పో, పైవరసకు నీళ్లు పొయ్యి."

ఇనాయత్ టీవీ పెట్టుకున్నాడు.

మర్నాడు కాశమ్మ చెల్లెలింటికి ఫోన్ చేసింది. ఈశ్వరి ఎత్తింది.

"నేను ఈసారికి రాలేను బంగారూ."

అవతల పిల్ల ఊపిరి గబగబా వినిపించింది. ఏడుస్తోందనుకుంది కాశమ్మ.

"ఏడవాకు తల్లీ."

"నిజంగా రావా? నన్ను పిల్సుకుపోవా?"

"రాను."

ఫోన్ కింద పెట్టేసి పిల్ల పరుగెత్తింది. సంతోషం పట్టలేని దాని కేక కాశమ్మకు స్పష్టంగా వినిపించింది.

"అమ్మా! ఆయమ్మ రాదంట! నన్ను పిల్సుకుపోదంట!"