తాతయ్య కార్డు

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆండాళ్‌గారి ఉదయాలు ఒకే పద్ధతిలో మొదలయ్యేవి. ముందు ఫిల్టర్ కాఫీ. తర్వాత భర్త రామమోహనరావుగారికి బీపీ, షుగర్ చూడటం. ఆ తర్వాత మనవరాలు చరిత టాబ్లెట్ తెరిచి, బూడిద ఎద్దు బలం ఎంతకొచ్చిందో చూడటం. అన్నీ ఫ్రిజ్ మీది చార్టులో రాసేవారు. ముప్పై ఏళ్ళు డాక్టరుగా చేసిన మనిషి, ఆ మాత్రం శ్రద్ధ ఉండదా మరి!

ఎద్దు చరిత ఆడే రాక్షసుల కార్డుల ఆటలోది. రామమోహనరావుగారు ఏది మరిచిపోతే అది ఎద్దుకి బలమయ్యేది. కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మరిచిపోయిన రోజు రెండు పాయింట్లు, తమ్ముడి పేరు మరిచిపోయిన రోజు పది. ఇందులో ఎవరికీ వింతేమీ కనిపించలేదు. ఆయన్ని చూసే న్యూరాలజిస్టు కూడా చార్టు తిరగేసి, వచ్చే నెల మళ్ళీ తీసుకురమ్మన్నాడు.

మొదట్లో చరిత కంప్యూటర్‌తో ఆడి తన ఎద్దుని కావాలని ఓడించేది. అది ఓడినప్పుడల్లా పోయిన జ్ఞాపకం తాతయ్యకి తిరిగొచ్చేది. రాను రాను ఎద్దు ఎంత బలిసిందంటే, కంప్యూటర్ దాని తోక కూడా కదపలేకపోయింది.

గురువారం ఒక్కరోజే వంద పాయింట్లు పెరిగాయి. ఆ ఉదయం కాఫీ అందుకుంటూ ఆయన, "థాంక్సండీ. మీరు ఎవరి తాలూకు?" అని భార్యని అడిగారు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, ఎప్పుడో ఆర్పేసిన స్టవ్‌ని మళ్ళీ ఆర్పారు.

శనివారం మధ్యాహ్నం ఆ ఆట పోటీల ఫైనల్. ఎదుటి ఆటగత్తె టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మాస్టర్స్ చదువుతున్న పూజిత. ఆ అమ్మాయి ఇంతవరకూ ఎవరి చేతిలోనూ ఓడలేదు. ఐదు కార్డులు వరసలో పెట్టాలి. ఆ వరసలోనే ఉంది ఆటంతా.

"ఎద్దుని లాస్ట్ పెడితే నేను విన్ అవుతాను అమ్మమ్మా. ష్యూర్‌గా."

"ముందు పెడితే?"

"తను నీటి పాముతో స్టార్ట్ చేస్తుంది. ఎద్దు చచ్చిపోతుంది."

"అయితే ముందు పెట్టు తల్లీ."

చరిత గోళ్ళు కొరుక్కుంది. రెండేళ్ళుగా ఈ ఫైనల్ కోసమే ఆడుతోంది మరి. కానీ అవతల తాతయ్య తన సోఫాలోనే పరాయింటికొచ్చినవాడిలా ఒదిగి కూర్చుని ఉన్నాడు. అది చూశాక ఇంకేమీ ఆలోచించలేదు. తెరమీద ఏదో నిబంధన వస్తే చదవకుండానే ఓకే నొక్కేసింది.

పాము ఎద్దుని చుట్టేసింది. కూలిపోయే ముందు ఎద్దు తల తిప్పి, తెరలోంచి ఆండాళ్‌గారినే చూసింది.

ఇద్దరూ హాల్లోకి పరిగెత్తారు. రామమోహనరావుగారు లేచి నిలబడి చేతులు జోడించారు.

"చాలా శ్రమ ఇచ్చాను మీకు. ఇంక బయల్దేరతానండీ."

చరిత ఇందాకటి నిబంధన ఇప్పుడు తీసి చదివింది. ఫైనల్లో ఓడిన కార్డు బలం గెలిచినవాళ్ళది.

అంతలో ఆండాళ్‌గారి ఫోన్ మోగింది. టెక్సాస్ నంబరు.

"ఆంటీ, నేను పూజితను. మీ నంబర్ నాకెట్లా తెలిసిందో నాకే తెల్వదు. నాకింకా పెళ్ళి కాలేదు ఆంటీ. కానీ మీ ఎడమ మోకాలు నొప్పి ఎట్లుందో అడగకపోతే ఊపిరాడుత లేదు. అపార్ట్‌మెంట్ ముందు మంచులో జారి పడ్డరు గదా. నేను లేపుతుంటే ఏడ్వకుండా నవ్విన్రు. అప్పటి సంది మిమ్మల్ని..."

ఆండాళ్‌గారు ఉన్నచోటే నేలమీద కూర్చుండిపోయారు. యాభై రెండేళ్ళ కిందటి సంగతి. ఆ రోజు ఆ మంచులో ఉన్నది ఆవిడా, భర్తా ఇద్దరే.

వీధి తలుపు తెరుచుకుంది. రామమోహనరావుగారు మెట్లు దిగుతున్నారు. "తాతయ్యా!" అంటూ చరిత వెంట పరిగెత్తింది.

ఆండాళ్‌గారు తలెత్తి చూడలేదు. ఫోన్ చెవికి ఆనించుకుని, ఇన్నేళ్ళూ ఆయనతో మాట్లాడిన గొంతుతోనే అడిగారు.

"నొప్పి తగ్గిందండీ. మీరు భోంచేశారా?"