కొట్టేసిన లైను కింద చుక్కలు

ఆ అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పెద్దమనిషిని అందరూ చెవులాయన అనేవారు. ఎక్కడైనా కామా జారిపడితే ఆ చప్పుడు మూడు గదుల అవతల ఆయనకు వినపడేదట. ఒకసారి వస్తున్న తుమ్మును మధ్యలో ఆపి, "అక్కడ దీర్ఘం పోయింది" అన్నాడని చెబుతారు. ఇందులో పాలెన్ని నీళ్లెన్ని అని అడిగినవాడు మాత్రం లేడు.

అక్కడి పద్ధతి ఇదీ: ఒకడు రాతప్రతిని చుక్కా కామాలతో సహా పైకి చదవాలి. రెండోవాడు చెవితో వింటూ, కంటితో ప్రూఫు చూస్తూ తప్పులు పట్టాలి. చదివేవాడు చెవులాయన బావమరిది. "ముప్ఫై ఏళ్లలో మా ఆవిడ మాటకంటే వీడి మాటే ఎక్కువ విన్నాను" అనేవాడు ఈయన. "మా అక్క మాట విని ఉంటే బాగుపడేవాడివి బావా" అనేవాడు ఆయన.

ఇంత చెవిగల మనిషికి బతుకులో మిగిలిన కోరిక ఒక్కటే. కూతురు తనకు ఎదురు చెప్పాలి. ఒక్కసారి చాలు.

ఆమెదీ అదే అచ్చాఫీసు, బైండింగు విభాగం. పదకొండేళ్ల కిందట ఒక పొద్దున తండ్రి బల్ల దగ్గరికి వచ్చింది. "నాన్నా, కటింగ్ మిషను కత్తి మీట వదిలేసినా దానంతటదే దిగుతోంది. నువ్వొకసారి వచ్చి చూడు" అంది. ఆయన ప్రూఫులోంచి తలెత్తలేదు. "ఫోర్‌మన్ చూసుకుంటాడులే. నువ్వు చెప్పినట్టు చెయ్యి" అన్నాడు. సాయంత్రానికి ఆమె కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

ఆ తర్వాత ఆమె అలగలేదు, నిలదీయలేదు. చెప్పినట్టు చెయ్యడం మొదలుపెట్టింది. "నువ్వు" పోయి "మీరు" వచ్చింది. కూరలో ఉప్పెక్కువైందంటే తగ్గించేది, తక్కువైందంటే వేసేది. ఒకనాడు మబ్బు చూసి గొడుగు పట్టుకెళ్లమన్నాడు. వాన వెలిసి ఎండలు కాస్తున్నా, ఆయన చాలనేదాకా నెల్లాళ్లు మోసింది. "ఎంత బుద్ధిమంతురాలండీ మీ అమ్మాయి!" అని వీధిలో వాళ్లు మెచ్చుకుంటే ఆయనకు చెంప ఛెళ్లుమన్నట్టుండేది.

అలాంటి రోజుల్లో బడిపిల్లల ఇంగ్లీషు నిఘంటువు ఒకటి అచ్చుకు వచ్చింది.

"ఒబే," చదివాడు బావమరిది. "చెప్పినట్టు చేయు, కామా, ఆజ్ఞ పాటించు, చుక్క. తర్వాతి మాట..."

"ఆగరా. ప్రూఫులో ఇంకో లైనుంది."

"ఎడిటరుగారు ప్రతిలో కొట్టేశారు బావా. పేజీ ఒక లైను పొంగిందట. నువ్వూ కొట్టెయ్."

చెవులాయన చెయ్యి అలవాటుకొద్దీ కొట్టేసింది. ఆ తర్వాత కళ్లు చదివాయి. ఆ మాట లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచివారింట పెరిగి, ఇంగ్లీషు గడప తొక్కిందట. పుట్టినప్పుడు దాని ఒంట్లో ఉన్నవి రెండే ముక్కలట: 'వైపు', 'విను'. ఎదుటి మనిషి వైపు చెవి పెట్టడమట.

"ఏం బావా, కళ్లజోడు తుడుస్తున్నావ్? దుమ్ము పడిందా?"

"నువ్వు కామాలు చదువు, నా కళ్లు చదవకు."

కొట్టేసినదాని కింద వరసగా చుక్కలు పెడితే, ప్రూఫు భాషలో అది మళ్లీ బతికినట్టు. చెవులాయన చుక్కలు పెట్టాడు. పక్కన 'ఉంచాలి' అని రాశాడు. ఎడిటరు చంపినదాన్ని ఆయన బతికించడం ముప్ఫై ఏళ్లలో అదే మొదలు.

ఎడిటరు కబురు పెట్టాడు. "ఏమిటండీ ఈ చుక్కలు?"

"అసలు అర్థం ఆ లైనులోనే ఉందండీ."

"పిల్లలకు పైఅర్థం చాలు. పుట్టుపూర్వోత్తరాలు ఎందుకు, ఆ మాటకేమన్నా సంబంధం చూస్తున్నామా?" గదిలో ఇద్దరు నవ్వారు. "తీసెయ్యండి."

"ఒక్క నిమిషం వినండి..."

"నేను చెప్పాను. మీరు చెప్పినట్టు చెయ్యండి."

పదకొండేళ్ల కిందటి తన గొంతే ఆ కుర్చీలో కూర్చుని మాట్లాడినట్టయింది ఆయనకు. "చెయ్యనండీ" అన్నాడు.

"అయితే రేపట్నుంచి రాకండి."

ఇంకో ప్రూఫు తీయించి బావమరిది చేతికిచ్చారు. ఆయనకూ ఇల్లుంది, పొయ్యుంది. తల వంచుకుని ఆ లైను కొట్టేశాడు.

చెవులాయన తన ప్రూఫు పట్టుకుని బైండింగు గదికి వెళ్లాడు. ఎనిమిది వేళ్లతో కాగితాలు మడుస్తున్న కూతురి ముందు పెట్టాడు. ఆమె కొట్టేసిన గీత చూసింది, చుక్కలు చూసింది, లైను నిదానంగా చదివింది.

"ఉద్యోగం పోయిందమ్మా" అన్నాడు. "దీనికోసమే."

ఆమె చేతిలో సగం మడిచిన కాగితాన్ని పక్కన పెట్టింది.

"నేను తెలుగులోనే చెప్పాను" అంది. "నీకు వినపడలేదు. లాటిన్‌లో చెప్తేగానీ వినపడలేదా నాన్నా?"

నీకు, అంది! చెవులాయన బల్ల అంచు పట్టుకున్నాడు. దాహంతో ఉన్నవాడి నాలుక మీద ఒక్క చుక్క పడినట్టయింది.

"అను తల్లీ. ఇంకా అను" అన్నాడు.

అదీ ఒక ఆజ్ఞేనని నోరు దాటాక గానీ ఆయనకు తట్టలేదు. కూతురి ముఖం చూస్తుండగానే తలుపేసుకుంది. ప్రూఫును అంచులు కలిపి మడిచి ఆయన చేతిలో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏమనమంటారో చెప్పండి" అంది. "అలాగే అంటాను."