పాత నకలులో మిగిలిన మాట

ఉక్కు ప్లాంటులో గుమస్తాగా రిటైరై మూడేళ్లయింది. పని కోసం ఇంత దూరం వచ్చిన మన తెలుగువాళ్లు మాత్రం నన్ను రిటైర్ కానివ్వరు. వైశాలి నగర్‌లో మా వరండా ఎక్కి, "పరబ్రహ్మం బాబూ, ఇంగ్లీషులో ఓ అర్జీ" అంటారు. నిజం చెప్పొద్దూ, విసుగెత్తిపోయింది. అందుకే ఒక పాత అర్జీ నకలు దగ్గర పెట్టుకున్నాను. పేరూ, టోకెన్ నంబరూ, అడిగే సంగతీ మార్చి టైపు కొట్టేస్తాను.

తొంభై నాలుగు మార్చిలో దాలయ్యకీ అలాగే కొట్టాను. ఇరవై ఆరేళ్లుగా బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల మీద పని. ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఇక పొగలో వద్దని డాక్టరు చెప్పాడు. తేలిక పని ఇప్పించమని అర్జీ.

"ఓపాలి సదివి తెలుగులో సెప్పండి బాబూ" అన్నాడు.

"ఇలాంటివి ఎన్ని వందలు రాశాను! సంతకం పెట్టవయ్యా" అని కసిరాను.

నెల తిరిగేసరికి ఆ అర్జీ పట్టుకొచ్చాడు. 'ఫిట్ ఫర్ ఎనీ హార్డ్ వర్క్' అన్న మాట కింద ఎర్రగీత. పక్కన ఆఫీసరు రాత: తనే ఫిట్ అంటున్నాడు, తేలిక పని దేనికి?

ఆ నకలు కొత్త ఉద్యోగాలు అడిగేవాళ్ల కోసం రాసింది. ఆ మాట తీసెయ్యడం మరిచాను.

"ఏటి బాబూ ఆ గీత?" దగ్గుతూ అడిగాడు.

"నా బుద్ధి గడ్డి తింది దాలయ్యా. ఎంత కష్టమైన పనికైనా సరిపోయే మనిషివని రాసేశాను. నెల్లాళ్లు నీ చేత ఊరికే పొగ మింగించాను."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నా గురించి అలగ రాసినారా?" అంటూ చతికిలబడ్డాడు. "ఇరవయ్యారేళ్లు సేసినాను. ఒక్క సాబూ ఆ మాట అన్లేదు."

కొత్త కాగితం ఎక్కించి, ఆ మాట వదిలేసి కొట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"ఉంచండి బాబూ. ముందల అలగుండీవోడినని రాయండి. ఇప్పుడు సేతకాదని తరవాత రాయండి."

అలాగే కొట్టాను. ఈసారి వాక్యం వాక్యం తెలుగులో చెప్పాను. ఆ మాట దగ్గర మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను.

సంతకం పెట్టి లేచాడు. రెండో షిఫ్టుకి వేళయింది, జవాబొచ్చేదాకా డ్యూటీ తప్పదు. దగ్గుకుంటూ, సైకిలు తోసుకుంటూ ఆ ఓవెన్ల దగ్గరికే బయల్దేరాడు. నేనే పంపుతున్నాను కదా అనిపించి, వరండాలోంచి లోపలికి వెళ్లలేకపోయాను.