చేపలెక్కిన బండి

గవర్నమెంటు ఎప్పటిలా తల వంచుకుని కాడి కిందికి వచ్చింది. రేడియో మాత్రం రాలేదు, నిలుచున్నచోటి నుంచే రంకె వేసింది. మంచు ఇంకా విడవలేదు. కింద మైదానంలో వరద తీశాక మిగిలిన నీళ్ళ మీంచి తెల్లగా లేచి మోంగు ఊరి పాకల్ని కమ్ముకుంటోంది. ముకెలబాయి అరచేతుల్లోకి ఆవిరి ఊదుకుని, ఆ చేతులతోనే ఎద్దు చెవుల వెనక రుద్దాడు.

"అరిచింది చాల్లే. చలి నీ ఒక్కడికేనా?"

ఎంత అదిలించినా దాని నడక దానిదే కనక ఒకదానికి గవర్నమెంటనీ, నోరు మూయదు కనక రెండోదానికి రేడియో అనీ పేర్లు పెట్టింది భార్య ఇనొంగే. మొగుడికీ ఒకటి పెట్టింది, 'సరేలే' అని.

"సరేలేగారూ! ఇవాళైనా పెందరాళే కట్టెలకి పోతారా, ఆ బడి దగ్గరే చతికిలబడతారా?" అంది పాకలోంచి.

"సరేలే," అన్నాడతను. దేనికి సరే అన్నాడో ఆమె అడగలేదు.

మనిషి పొడుగు. పిక్కలు ఎండిన తాళ్ళలా ఉంటాయి. జీవితమంతా ఇతరుల పశువుల్ని కాశాడు. వరదొస్తే వాటిని మిట్టకి తోలాడు, వరద తీస్తే మళ్ళీ పల్లానికి దింపాడు. పశువులు ఎవరెవరివో, నీళ్ళలో నానిన కాళ్ళు మాత్రం అతనివి. పిలిచిన చోటికల్లా వెళ్ళాడు. పొమ్మన్నప్పుడు వచ్చేశాడు. ముసలితనంలో ఈ ఎద్దుల జత, ఈ బండి మిగిలాయి. బండికి చక్రాల్లేవు. పంగలకర్ర లాంటి పెద్ద దుంగ మీద పలకలు కొట్టినది. మోంగు ఇసుకలో చక్రం దిగబడుతుంది, దుంగైతే జారుతుంది.

కొన్నేళ్ళ కిందట కట్టెలు తెస్తుంటే, ఎదిగిన కొడుకుని వీపున కట్టుకుని ఒకామె ఆ ఇసుకలో ఈదుతున్నట్టు నడుస్తూ కనిపించింది. ఎవరో దానమిచ్చిన చక్రాల కుర్చీ వెనకాల దారిలో కూరుకుపోయి ఉంది. కట్టెలు దించి, ఆ ఇద్దర్నీ ఎక్కించుకుని, నడవలేని పిల్లల బడి దాకా దింపాడు. "రేపు కూడా వస్తారా నాన్నా?" అందామె. సరేలే అన్నాడు. అంతే. ఆ రేపు ఇంకా అయిపోలేదు.

ఇవాళా ఒక్కొక్క ఇంటి ముందూ ఆగి పిల్లల్ని ఎత్తుకుని బండిలో కూర్చోబెట్టాడు. చెవులు వినపడని అక్కచెల్లెళ్ళిద్దరూ చేతులతోనే అతని నడకని వెక్కిరించి నవ్వుకున్నారు. మెడ నిలపలేని ముందియాని గుడ్డతో వెనక పలకకి ఆనించి కట్టాడు. వాణ్ణి ఎత్తినప్పుడు ఎడమ భుజం లాగింది. వీడు బరువెక్కుతున్నాడు, మంచిదే, అనుకున్నాడు.

ఆఖరి ఇల్లు ఇలుకెనాది. వాకిట్లో రెల్లు చాపల మీద చేపలు ఆరేసి ఉన్నాయి. వాటి పక్కనే ఆమె మనవరాలు లిసేలి, సన్నటి కాళ్ళు ఒక వైపుకి మడుచుకుని, చేతిలో బెత్తంతో కూర్చుని ఉంది. బండి వైపు చూడలేదు.

"రాదన్నా," అంది ఇలుకెనా. "ఇవాళా రాదు, రేపూ రాదు."

"ఒంట్లో బాగోలేదా చెల్లెమ్మా?"

"ఒంటికేం? గుండ్రాయిలా ఉంది. నేను సంతకి పోతే చేపల్నెవరు కాస్తారు? కూర్చునే చెయ్యగల పని ఇదొక్కటే దానికి. అక్షరాలేమైనా కాకుల్ని తోలతాయా?"

అతను నోరు తెరిచాడు. రోజూ వచ్చే మాట నాలుక దాకా వచ్చింది. లిసేలి బెత్తంతో ఇసుకలో ఏదో గీసి, అరచేత్తో చెరిపేసింది.

"కుదరదు చెల్లెమ్మా," అన్నాడు.

ఇలుకెనా నివ్వెరపోయింది. అంతకంటే ఎక్కువగా అతనే నివ్వెరపోయాడు.

"ఏం కుదరదు?"

అది అతనికీ తెలియలేదు. తల గోక్కున్నాడు. పిల్లని చూశాడు, చేపల్ని చూశాడు.

"చేపల్నీ ఎక్కించు."

"ఏమిటీ?"

"బడి దగ్గర మాత్రం ఎండ కాయదా? కాకులు అక్కడికీ వస్తాయి. తోలడానికి బోలెడుమంది ఉన్నారు."

"నీకు మతి పోయింది. బడంతా కంపెక్కిపోతుంది. టీచరమ్మ నిన్నూ నీ ఎద్దుల్నీ కలిపి తరుముతుంది."

"తరిమితే తిరిగి తెస్తా," అని బండి అంచు మీద కూర్చున్నాడు. కదిలే రకంగా కనబడలేదు. ఇలుకెనా గొణుక్కుంటూ చాపలు చుట్టింది. "ఒక్క చేప తగ్గినా నీ జుట్టు పట్టుకుని అడుగుతా." అతను లిసేలిని ఎత్తుకున్నాడు. పిల్ల అతని చెవి దగ్గర, "తాతా, నిజంగానే ఎక్కిస్తోందా?" అని గుసగుసలాడింది.

బండి బడి ముందు ఆగగానే మ్వాంగల టీచరు పై గుడ్డ అంచు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ఇది బడనుకున్నారా తాతా, చేపల బజారనుకున్నారా?"

"ఎండేదాకానేనమ్మా."

"ఇవి ఎండితే మళ్ళీ పచ్చివి రావూ?"

అతను నేల చూపులు చూశాడు. ఆమె నవ్వేసింది.

చాపలు పరిచారో లేదో కాకులు దిగాయి. అంతవరకూ తరగతిలో పెదవి విప్పని లిసేలి గొంతు ఆవరణంతా మోగింది. "అటు! అటు పోతోంది! ముందియా, నీ పక్కనే!" ముందియా చేతులు వాడి మాట వినవు, వాటంతటవే ఎగురుతుంటాయి. ఎవరో ఆ చేతికి బెత్తమిచ్చారు. చెయ్యి ఎగిరింది, కాకి లేచింది. ముందియా విరగబడి నవ్వాడు. మళ్ళీ చెయ్యి ఎగిరింది.

ముకెలబాయి కట్టెలకి వెళ్ళలేదు. మధ్యాహ్నం దాటాక మామిడి నీడలో కూర్చుని ఆ గోల వింటూ ఉండిపోయాడు. ఎడమ చెయ్యి బరువెక్కింది. వెల్లకిలా పడుకుంటే కాస్త హాయిగా ఉంది. ఇవాళ నేను కుదరదన్నానని ఇనొంగేతో చెప్పాలి, నమ్మదు, అనుకున్నాడు. లిసేలి ఇంకా అరుస్తోంది. కళ్ళు మూసుకున్నాడు.

బడి వదిలే వేళకి లేపడానికి వచ్చిన మ్వాంగల టీచరు రెండుసార్లు పిలిచింది. ఉత్త బనీనుతో ఉన్నాడు. చెయ్యి పట్టుకుని చూసి, ఆ చేతిని అలాగే కాసేపు వదల్లేదు. తర్వాత నడుముకి చుట్టుకున్న పై గుడ్డ విప్పి, నిద్రపోయేవాడికి కప్పినట్టు గుండెల దాకా కప్పింది. ఇనొంగే కోసం కాపలామనిషిని పంపింది. తాత పడుకున్నాడని చెప్పి పిల్లల్ని ఎక్కించి, ముకుతాళ్ళు తనే అందుకుంది.

దారి ఆమెకి తెలియదు. ఎద్దులకి తెలుసు. ఏ ఇంటి ముందు ఆగాలో ఆ ఇంటి ముందు ఆగాయి.

"ఆయనేడీ?" అంది ఇలుకెనా, ఆఖరున. మ్వాంగల ఆమె దగ్గరికి వెళ్ళి మెల్లిగా చెప్పింది. ఇలుకెనా ఇసుకలో కూలబడింది. బండి మీంచి లిసేలి వాళ్ళిద్దరి మొహాలూ చూసింది. చేపల చాపని గట్టిగా పట్టుకుంది.

చాలాసేపటికి ఇలుకెనా లేచి, మనవరాలిని దింపుకుంది.

"రేపు ఎద్దుల్ని నేను తోలతానమ్మా, ఇనొంగే ఒప్పుకుంటే," అంది. "చేపలెలాగూ అటే రావాలి కదా."

మ్వాంగల తిరిగి వచ్చేసరికి ఇనొంగే భర్త తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. అతని జుట్టులో ఇసుక ఒక్కొక్క రేణువే ఏరుతోంది. "ఏమైనా తిన్నాడా అమ్మా?" అని అడిగింది. తిన్నాడని చెబితే తల ఊపింది. పొద్దు వాలుతుండగా అతన్ని ఆ పలకల మీదే పడుకోబెట్టి ఇంటికి తీసుకువెళ్ళారు.

బడి ఆవరణలో ఎవరూ లేరు. కంచె మీద, చేపల వాసన పోవాలని అతను మధ్యాహ్నం కుళాయి దగ్గర ఉతికి ఆరేసుకున్న చొక్కా, ఎప్పుడో ఆరిపోయి, మైదానం నుంచి వచ్చే గాలికి ఒక చెయ్యి లేపుతూ దించుతూ ఉంది.