బొట్టు పెట్టిన జాకీ

వెంకటగిరియప్ప సావుకారుకు తరగుపేటలో రాగుల మండీ ఉంది, ఇంట్లో ఒక పాత కారు ఉంది, ఆ కారును చూసి నవ్విన బావమరిది చెన్నరాయప్ప ఉన్నాడు. ఆ నవ్వు సావుకారు మనసులో ముల్లులా దిగింది. యుద్ధం నాటి మిలిటరీ లారీ ఇంజను ఒకటి వేలంలో పట్టి, కలాసిపాళ్యం మెకానిక్ మునిస్వామి చేత ఆ కారులోకి ఎక్కించాడు. దాని ఆకలికి తగ్గట్టు కొత్త పెట్రోలు పంపు, పెద్ద కార్బొరేటరు కూడా పెట్టించాడు. కాలు ఆనిస్తే చాలు, బండి ఎగిరి దూకేది.

నడపవలసిన వాడు డ్రైవరు ఓబళప్ప. అతనికున్న ఆస్తి కుడిచెయ్యి ఒక్కటే. స్టీరింగు పట్టేది అదే, కిటికీలోంచి చాపి వెనక బండ్లకు సైగ చేసేది అదే, ఇంట్లో పొయ్యి వెలిగించేదీ అదే. పాత చిన్న ఇంజను కోసం చేసిన కడ్డీ బ్రేకులు ఈ బరువును ఆపలేకపోతున్నాయి. స్టీరింగు పావు చుట్టు తిప్పినా చక్రాల్లో చలనం రాదు. మైసూరు రోడ్డు దిగుడులో ఒక ఎద్దులబండిని వెంట్రుకవాసిలో తప్పించిన రోజు అతను చేతులు కట్టుకుని సావుకారు ముందు నిలబడ్డాడు.

"బ్రేకు, స్టీరింగు మార్పించండి సావుకారూ. లేకుంటే ఈ బండి ఎవురి ప్రాణమో తీస్తాది."

"బండి ఉరికేది నలుగురికీ కనపడతాదిరా. నిలిచేది ఎవురికి కనపడతాది?" అన్నాడు సావుకారు.

అయినా ఓబళప్ప వదల్లేదు. చెవిలో జోరీగలా పోరుపెట్టి దసరా నాటికి ఒప్పించాడు. మునిస్వామి కొత్త స్టీరింగు పెట్టె బిగించి, కడ్డీలు పీకేసి ఆయిలు బ్రేకులు పెట్టాడు. పని ముగిసిందనుకుని ఓబళప్ప స్పానర్లు, సుత్తి, జాకీ అన్నీ కడిగి, ఆయుధపూజకని షెడ్డులో పీట మీద పేర్చాడు. తనే విభూతి పూసి, కుంకుమ బొట్లు పెట్టి, చామంతులు చుట్టాడు. వాటిని మళ్ళీ విజయదశమి నాడే ముట్టుకోవాలి. జట్కా తోలిన వాళ్ళ నాయన ఆ ఒక్క దినం చెర్నాకోల కూడా ముట్టేవాడు కాడు.

పూజ నాటి పొద్దున ముందు చక్రం దగ్గర నేల తడిగా కనిపించింది. బ్రేకు గొట్టం జాయింటు నుంచి ఆయిలు కారుతోంది. స్పానరుతో అర చుట్టు బిగిస్తే తీరిపోయే పని.

"బిగించరా," అన్నాడు సావుకారు. వాకిట్లో చెన్నరాయప్ప కుర్చీ వేసుకుని చూస్తున్నాడు.

"పనిముట్లు పూజలో ఉండాయి సావుకారూ. రేపటి దాకా ముట్టరాదు. ఈ పొద్దు ఇంజను వద్దు, అందరమూ తోసి నిమ్మకాయలు తొక్కిద్దాం."

చెన్నరాయప్ప కిసుక్కున నవ్వాడు. "ఏం బావా, నీ డ్రైవరే నీకు శాస్త్రం చెప్పేటట్లయిందే."

సావుకారు ముఖం నల్లబడింది. ఓబళప్ప చేతిలోంచి తాళంచెవి లాక్కున్నాడు. "సరే, నువ్వేమీ ముట్టొద్దు. నేనే నడుపుతా. నువ్వు కాయలు పెట్టు." ఆయనకు బండి నడపడం అంతంతమాత్రమే వచ్చు.

ఓబళప్ప చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. ముందు చక్రం దగ్గరి కాయ వాలుకు దొర్లింది. దాన్ని సర్దడానికి మళ్ళీ చెయ్యి చాపాడు. "రాహుకాలం వస్తా ఉండాది, కానీరా," అంటూనే సావుకారు ఇంజను లేపి, గేరు వేసి కాలు ఆనించాడు. బండి దూకింది. బ్రేకు తొక్కితే పెడలు నేలకంటుకుపోయింది. బెదిరిపోయి తాళం తిప్పేశాడు. లారీ ఇంజను బరువంతా మోసే ఆ చక్రం ఓబళప్ప కుడిచేతి మీదికెక్కి ఆగిపోయింది.

ఓబళప్ప తల తిప్పితే పీట మీద జాకీ కనిపించింది. అందేంత దగ్గర కాదు గానీ, దాని బొట్టు కనిపించేంత దగ్గరే.

"జాకీ పెట్టి లేపండి సావుకారూ. చెయ్యి దక్కుతాది."

సావుకారు భార్య పార్వతమ్మ హారతి పళ్ళెం కింద పెట్టి జాకీ వైపు కదిలింది. సావుకారు కారు కిటికీలోంచి చెయ్యి చాపి అడ్డం పెట్టాడు.

"ముట్టొద్దు. పూజలో ఉండాది. పొద్దున వాడే కదా చెప్పింది."

"తప్పయింది సావుకారూ. నేనే చెప్తా ఉండా, తీయండి. దోసం నాకే తగలనీ."

సావుకారు బావమరిది వైపు చూశాడు. చెన్నరాయప్ప ఇప్పుడు నవ్వడం లేదు. అది చూసి ఆయనకు తృప్తి కలిగింది. ఏం చెప్పాలి, కొందరి కడుపులు అలానే నిండుతాయి. గేరు తీసి, కారు దిగి, మండీ కూలీలను పిలిచాడు.

"తొయ్యండిరా. తోసేదే కదా వాడు అడిగింది."

కూలీలు ముఖాలు పక్కకు తిప్పుకుని తోశారు. చక్రం మెల్లగా వేళ్ళన్నిటి మీదుగా దొర్లి, ఆ తరువాత నిమ్మకాయను తొక్కింది.

మర్నాడు విజయదశమి. మునిస్వామి వచ్చి స్పానరుకు దండం పెట్టుకుని జాయింటు అర చుట్టు తిప్పాడు. ఆయిలు కారడం ఆగింది.

ఆసుపత్రిలో వేళ్ళు తీసేశారు. కట్టు విప్పాక ఓబళప్ప పని అడుక్కుంటూ ఆ ఇంటికే వచ్చాడు, వేరే దారి లేక. "గేటు తీసేదానికి ఎడమచెయ్యి చాలు కదరా," అని సావుకారు దయతలిచాడు.

సాయంత్రం బండి మలుపు తిరిగిన చప్పుడు వినగానే ఓబళప్ప గేటు తీసి నిలబడతాడు. కొత్త డ్రైవరు దూసుకొచ్చి అతని మోకాళ్ళకు జానెడు దూరంలో ఆపుతాడు. అలా ఆపమని సావుకారు ఆజ్ఞ. వెనక సీట్లోంచి సావుకారు అద్దం దించి రోజూ అదే మాట అడుగుతాడు.

"ఎట్లుండాదిరా బ్రేకు?"

ఓబళప్ప ఎడమచేతిని మొండిచేతికి ఆనించి దండం పెడతాడు.

"బాగుండాది సావుకారూ. బాగా నిలుస్తాది."