గోడలో ఇస్త్రీ చప్పుడు

పొద్దున్న ఎనిమిదయ్యేసరికి బోర్డులాయన గోడ తడిమేవాడు. పళ్లు తోముకోవడమైనా మరిచిపోతాడేమో గానీ, ఇది మరిచేవాడు కాదు. ఇంటి ముందు గోడ, నేరుగా వీధిలోకి చూసేది. అరచేతిని పైనుంచి కిందికి, ఈ కొసనుంచి ఆ కొసకు పోనిచ్చి, ఎక్కడో ఒకచోట ఆగి, "ఇదిగో, ఇక్కడ గరుకుంది" అనేవాడు. ఇక ఉప్పుకాగితం రుద్దడం, లప్పం పెట్టడం, ఆపైన తెల్ల ప్రైమరు కొట్టడం. పది రోజులు ఆరాలి. ఆరాక మళ్లీ తడమాలి. తడిమితే గరుకు దొరక్కుండా ఉంటుందా? వెతికేవాడికి నున్నటి గాజులోనూ దొరుకుతుంది.

బయటి పనిలో మాత్రం మహా చురుకు. మందుల షాపు, టైర్ల షాపు, టైపు నేర్పే చోటు, చుట్టుపక్కల సగం బోర్డులు ఆయన చేతివే. ఒకరి పేరు రాయమంటే స్కేలు కూడా అడగడు. తనకోసం ఒక్క బొమ్మ వెయ్యాలంటేనే చేతికి జ్వరం వచ్చేది. ఆ గోడ మీద వెయ్యాలనుకున్నది వాళ్లక్క బొమ్మ.

అమ్మానాన్నా పోయాక అక్కే ఆయన్ని పెంచింది. ఆ గోడ ముందే బల్ల వేసుకుని, బొగ్గుల పెట్టెతో వీధి వీధంతటికీ ఇస్త్రీ చేసేది. పనిమంతురాలే గానీ ఒక్క లోపం. చొక్కా ఎడమ చేతికి ఒక గీత పడాల్సిన చోట ఎప్పుడూ రెండు పడేవి. "మళ్లీ జోడు గీతలా?" అని ఎవరైనా అడిగితే, "రెండోది ఉచితం, తీసుకెళ్లండి" అనేది. జన్మలో ఒక్క ఫొటో దిగలేదు. ఇంట్లో పెయింటరుండగా స్టూడియోకి పోవడం ఏం ఖర్మ అనేది.

ఒకరోజు మొహం కడుక్కుని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, గోడకెదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. "వెయ్యరా నా బొమ్మ."

"ఇవాళే ప్రైమరు కొట్టాను కదక్కా. ఆరనీ."

"ఎన్నాళ్లకి ఆరుతుంది?"

"పది రోజులు."

సరేనని లేచి మళ్లీ పెట్టె పట్టుకుంది. తొమ్మిదో రోజు బల్ల మీదికి ఒరిగి అలాగే పోయింది. పెట్టెలో బొగ్గులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

ఇది జరిగి పదకొండేళ్లు. అక్క పోయి నెల తిరక్కుండానే గోడలోంచి చప్పుడు మొదలైంది. దబ్ మని ఒక దెబ్బ, ఆ వెంటనే సర్రున జారుడు. మళ్లీ దబ్, మళ్లీ సర్రు. "అక్క పనిలో పడిందన్నమాట" అన్నాడు పోస్టుమాను, ఉత్తరం ఇచ్చి వెళ్లిపోయాడు. గోడ వెచ్చగా ఉండేది. ఎదురింటి నర్సక్క చూరు నీడన ఆ గోడ పొడుగునా తాడు కట్టి తన తెల్లకోట్లు ఆరేసుకునేది. ఆవిడ తిని వచ్చేలోగా ఆరిపోయేవి. వానల్లో ఆ తాడు మీద చోటు కోసం ఆడవాళ్లు పోట్లాడుకునేవారు కూడా.

పూత పడ్డప్పుడల్లా గోడ రవ్వంత వీధిలోకి జరిగేది. జరిగి జరిగి, పోస్టుమాను సైకిలు దిగి పక్కకు తిరిగితే తప్ప అక్కడ పట్టడం లేదు. దానికీ ఎవరూ ఏమీ అనలేదు. ఎవరి గోడ వాళ్లిష్టం.

అలాంటిది ఒక ఉదయం నర్సక్క తడికోటు చేత్తో పట్టుకుని వచ్చింది. బోర్డులాయన అప్పుడే ప్రైమరు డబ్బా మూత తీశాడు.

"తమ్ముడూ, నిన్న వేసిన కోటు ఇంకా పిండితే నీళ్లొస్తున్నాయి."

"ముసురు కదా నర్సక్కా."

"ఆదివారం నుంచి ఎండ మాడ్చేస్తుంటే ముసురెక్కడిది, నీ మొహం!" ఆవిడ గోడ మీద రెండు వేళ్లు ఆనించి, చేతి గడియారం చూసింది. నలభై ఏళ్లు మనుషుల నాడి చూసిన వేళ్లవి. ఒక నిమిషం గడిచింది. "పన్నెండుసార్లు దబ్బుమనేది. ఇప్పుడు నాలుగు. నా చేతుల్లో పోయినవాళ్లందరికీ ముందు ఇలాగే తగ్గింది. ఎన్ని పూతల కింద పెట్టావురా ఆవిణ్ణి?"

ఆయన గోడకు చెవి ఆనించాడు. చప్పుడు ఎక్కడో రెండు వీధుల అవతల నుంచి వస్తున్నట్టుంది. దబ్. ఆ తర్వాత ఎంతసేపటికీ ఇంకోటి లేదు. ఆ ఖాళీలో అక్క మొహం గుర్తు చేసుకుందామనుకున్నాడు. చేతులు గుర్తొచ్చాయి. బల్ల గుర్తొచ్చింది. మొహం ఉండాల్సిన చోట తెల్లగా, నున్నగా, పూత కొట్టినట్టుంది.

"బాగా రాకపోతే?" అన్నాడు. "ఆవిడ ఇలా ఉండేది కాదంటారు. ఉన్న ఒక్క బొమ్మా తప్పైతే, ఇక ఆవిడ తప్పుగానే మిగిలిపోతుంది."

"ఇంకో పూత కొట్టి చూడు, తప్పుగా కూడా మిగలదు."

ఆయన డబ్బాకు మూత బిగించి ఆవిడ చేతిలో పెట్టాడు. "మీ ఇంట్లో దాచండి. కాళ్లు పట్టుకున్నా ఇవ్వకండి."

ఆ రోజే చూరు నుంచి నేలదాకా టార్పాలిన్ కట్టి దాని వెనక దూరాడు. కుంచె రంగులో ముంచాడు. ఆరిపోయింది. మళ్లీ ముంచాడు, మళ్లీ ఆరిపోయింది. మధ్యాహ్నం దాటింది. అప్పుడొక సంగతి తట్టింది. ఊరందరికీ బోర్డులు రాశాడు, అక్క బల్లకు ఎప్పుడైనా రాశాడా? సిగ్గేసింది. ఇది బొమ్మ కాదు, బేరం వచ్చిన బోర్డు అనుకుని, గోడ పైభాగాన పెద్ద అక్షరాలతో "ఇచ్చట ఇస్త్రీ చేయబడును" అని రాశాడు. రాసిన చెయ్యి ఆగకుండా బోర్డు కింద బల్ల గీసింది. బల్ల మీద బట్టల గుట్ట, పెట్టె, పెట్టె పట్టుకున్న వేళ్లు. మూడు రోజుల్లో అక్క నిలువెత్తున నిలబడింది. మెడ దాకా.

మొహం రాలేదు. గీసి తుడిచాడు, గీసి తుడిచాడు. గోడలో చప్పుడు నిమిషానికి ఒకటికి దిగింది. నాలుగోనాడు పొద్దున్నే ఎదురింటికి పరిగెత్తాడు. "ఆ డబ్బా ఇవ్వండి నర్సక్కా. మొత్తం కొట్టేసి మొదట్నుంచీ వేస్తాను."

"ఇవ్వను. ముందు ఆ టార్పాలిన్ తియ్యి."

"మొహం లేకుండా నలుగురికీ ఎలా చూపించను?"

"నలుగురూ చూసిన మొహమే కదా! నీ ఒక్కడి సొత్తా?"

ఆయన వెళ్లి టార్పాలిన్ తాడు విప్పాడు.

ఒక్కొక్కరే వచ్చారు. ఎండలో తల లేని మనిషి ఇస్త్రీ చేస్తుంటే ఏమని మాట్లాడతారు? ముందుగా నర్సక్కే నోరు విప్పింది. "ఎడమ కనుబొమ్మ మీద మూడు కుట్లు. నేనే వేశాను."

"సంతకం పెట్టమంటే తల ఎత్తేది కాదు, కళ్లు మాత్రం పైకెత్తేది" అన్నాడు పోస్టుమాను.

"చెవి పక్కన జుట్టు సెగకు కమిలిపోయి ఉండేది" అన్నాడు సెలూన్ ఆయన.

"నవ్వితే ఒక పక్కే నవ్వేది, ఇలాగ" అని బడి పంతులు పెదవి వంకర తిప్పి చూపించాడు.

చెప్పులు కుట్టే తాత చాలాసేపు చూశాడు. "నేనెప్పుడూ మొహం చూళ్లేదు బాబూ. ఆ ఎడమ చెప్పు పట్టీ మాత్రం తెగి ఉండాలి, సరిచెయ్యి."

వాళ్లు చెబుతుంటే ఆయన అందరి ముందూ గీశాడు. "అలా కాదు" అన్నారు. గుడ్డతో తుడిచి మళ్లీ గీశాడు. పదకొండేళ్లుగా ఏ మాటకు భయపడి దాక్కున్నాడో ఆ మాట ఆ రోజు నలభైసార్లు విన్నాడు. ప్రాణమేం పోలేదు. విన్నప్పుడల్లా మొహం కొంచెం దగ్గరికొచ్చింది. పొద్దు వాలేవేళకి అక్క వచ్చేసింది. కనుబొమ్మ మీద మూడో కుట్టు పెట్టగానే గోడలో దబ్ మని ఒక్క దెబ్బ. ముందు వరసలో ఉన్నవాళ్లు వెనక్కి జరిగారు.

తర్వాత ఏమీ లేదు. నర్సక్క గోడ మీద వేళ్లు పెట్టి గడియారం చూసింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. వేళ్లు తీసేసి, "ఇళ్లకు పదండి, చీకటి పడుతోంది" అంది.

మర్నాడు ఎనిమిదింటికి ఆయన బయటికొచ్చి, అలవాటు కొద్దీ గోడ తడమబోయాడు. చేతికి గాలి తగిలింది. గోడ లోపలికి పోయి, పక్కిళ్ల గోడల వరసలో బుద్ధిగా నిలబడి ఉంది. పోస్టుమాను సైకిలు దిగకుండానే గంట కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

బొమ్మలో అక్క నిలబడి లేదు. బట్టల గుట్ట లేదు. పెట్టె ఇటుక మీద ఉంది, మూత తెరిచి ఉంది, బొగ్గులు బూడిదయ్యాయి. ఆయన వెయ్యని స్టూలు మీద అక్క కూర్చుని ఉంది, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ రోజు కూర్చున్నట్టే, తమ్ముడి వంకే చూస్తూ. పదకొండేళ్లుగా నిలబడే ఉన్న మనిషి. ఆయన వీధిలోనే చతికిలబడి, "అక్కా, అక్కా" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నర్సక్క తడికోట్లతో వచ్చి గోడ ముట్టుకుంది. "చల్లబడింది. ఇక నా బట్టలు ఎండలోనే. ఇదిగో నీ డబ్బా."

"మీ గుమ్మానికి కొట్టుకోండి" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

సెలూన్ ఆయన అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. "మా పక్కగోడ మీద మా నాన్నని వేస్తావా? గోడ మాత్రం గరుకు."

"గరుకైతేనేం? పద."

కుంచెలు తీసుకుని లేచాడు. నర్సక్క ఆయన చొక్కా వంక అదోలా చూసింది. ఎప్పుడూ నలిగిన చొక్కా తొడుక్కునే మనిషి, పొద్దున మేకుకు వేలాడుతున్నదేదో చూడకుండానే తగిలించుకొచ్చాడు.

"తమ్ముడూ, ఎడమ చేతికి రెండు గీతలు పడ్డాయి."

ఆయన ముట్టుకుని చూశాడు. ఇంకా వెచ్చగానే ఉంది.

"పడనీండి" అన్నాడు.